అవ్వ ఒడిలో చాట

నాకు ముక్కు మీద కోపం. ఎల్లారెడ్డిలో మా వాడకట్టులో ఎవరినడిగినా ఈ మాట చెప్తారు. కోర్సులోంచి వెళ్ళగొట్టే దాకా వచ్చిన రోజు కూడా నాకు ముందొచ్చింది ఏడుపు కాదు, కోపమే. అదీ నా మీద కాదు. తప్పు నాదేనని తెలియడానికి మా అవ్వ, ఆమె చాట కావలసి వచ్చాయి.

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె బీడీలు చుడుతుంది. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు అనే పొగాకు పొడి తెచ్చుకుని, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. ఆకు కత్తిరించడం, చాటలోంచి చిటికెడు తంబాకు తీసి ఆకులో పరచడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ ఆ చాట మీదే. పొద్దున ఒడిలోకెక్కిన చాట పొద్దుగూకే దాకా దిగేది కాదు. అందుకని నాకు ఆ ఒడి దొరకలేదు. ఏడుపొస్తే వెనక నుంచి వెళ్ళి ఆమె వీపుకు ఆనుకుని కూర్చునేదాన్ని. జ్వరమొచ్చినా ఆ వీపే గతి. క్లాసులో ఫస్టొచ్చానంటే చేతులు ఆపకుండానే "మంచిగైంది బిడ్డా" అనేది. నాకు ఎంబీబీఎస్ సీటొచ్చిన రోజు వాడకట్టంతా మా ఇంటికొచ్చింది. అవ్వ కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, అందరికీ చాయ్ పెట్టమని చిన్నమ్మకు చెప్పింది. చాట మాత్రం దిగలేదు. నాకు ఆ చాటంటే ఎంత మంటో చెప్పలేను.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, ఒక ఎండాకాలం ఆమె లోపలి అర్రలో కూర్చుని చుడుతోంది. మెడ మీదుగా చెమట ధారగా కారుతుంటే జాలేసి ఫ్యాన్ వేశాను. తంబాకంతా లేచి అర్రంతా పరుచుకుంది. కళ్ళు మండాయి, ఇద్దరం తుమ్మి తుమ్మి చచ్చాం. తుమ్ములు ఆగగానే అవ్వ నా వీపు విమానం మోత మోగించింది. బీడీలు చుట్టే ఇళ్ళలో ఎండాకాలం కూడా ఫ్యాన్ ఎందుకు తిరగదో ఆ రోజు నాకు తెలిసింది. తెలిసిందనే అనుకున్నాను.

ఇక కోర్సు సంగతి. ఎంబీబీఎస్ అయ్యాక నేను హైదరాబాద్‌లో ఎం.డి., పీహెచ్.డి. రెండూ కలిపి చేసే కోర్సులో చేరాను. పొద్దున వార్డులో రోగులను చూడాలి, మధ్యాహ్నం నుంచి పరిశోధన చేయాలి. చేరిన రోజు మా చేతికొక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో 'అకడమిక్ స్టాండింగ్' అని పేజీన్నర ఉంటుంది. ఈ కోర్సులో నిలబడాలంటే ఏమేం ఉండాలో అందులో రాసి ఉంటుంది. ఎం.డి. పరీక్షల్లో మార్కులు ఒక గీత కిందికి పోకూడదు. ఆర్నెల్లకోసారి నలుగురు ప్రొఫెసర్ల కమిటీ ముందు పరిశోధన చూపించాలి. వాళ్ళు 'సంతృప్తికరం' అనో, 'అసంతృప్తికరం' అనో రాస్తారు. ఒకసారి అసంతృప్తికరం వస్తే ఆర్నెల్ల గడువు. వెంటనే రెండోసారి కూడా అదే వస్తే పీహెచ్.డి. అక్కడితో సరి. ఎం.డి. ఒక్కటి పూర్తి చేసుకుని పొమ్మంటారు. ఆ పేజీన్నర నేను చదవనేలేదు. ఎప్పుడూ ఫస్టొచ్చే దానికి ఫెయిలయ్యే వాళ్ళ రూల్స్‌తో ఏం పని అనుకున్నాను. అంత పొగరు.

నా పరిశోధన బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల మీద. ఎందుకని ఎవరూ అడగక్కర్లేదు. అవ్వ దగ్గు వింటూ పెరిగాను. ఏళ్ళ తరబడి తంబాకు ముందు కూర్చుంటే ఊపిరి ఎంత తగ్గుతుందో, ఎప్పటి నుంచి తగ్గుతుందో కొలిచి చూపించాలని నా పంతం. అది తేలితే ఆ అరుగుల మీద కూర్చున్న వాళ్ళకు ఏటా పరీక్షలు చేయమని అడగడానికి చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది. ఎం.డి. ఒక్కటే చేస్తే నాకు ఉద్యోగం దొరుకుతుంది, ఆ కాగితం దొరకదు.

కొలిచేది చిన్న మెషిన్. దానికో గొట్టం ఉంటుంది. ముక్కుకు క్లిప్ పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఆ గొట్టంలోకి ఒక్కసారిగా బలమంతా పెట్టి, ఆగకుండా ఊదాలి. అప్పుడు తెర మీద గీత నిటారుగా లేస్తుంది. మూడుసార్లు ఊదితే మూడు గీతలూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. లేకపోతే ఆ పరీక్ష చెల్లదు.

నేను ఆ మెషిన్‌ను ఒళ్ళో పెట్టుకుని, డ్యూటీ లేని రోజుల్లో హైదరాబాద్ నుంచి కామారెడ్డి, అక్కడి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సుల్లో తిరిగాను. ఒక కండక్టర్ "ఏందమ్మా, నీళ్ళ ఫిల్టరా?" అని అడిగాడు. కామారెడ్డిలో రెండు వాడలు, ఎల్లారెడ్డిలో మా వాడ. ఆడవాళ్ళు నలుగురైదుగురు ఒక అరుగు మీద చేరి కబుర్లాడుతూ చుడుతుంటారు. వాళ్ళ పనికి అడ్డం పడకూడదని నేనొక ఉపాయం ఆలోచించాను. "మీరు లేవొద్దు, చాట తీయొద్దు. ఎక్కడోళ్ళక్కడనే కూసోండ్రి, నేనే మీ దగ్గరికొస్త" అని చెప్పాను. ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుని నోటికి గొట్టం అందించాను. బీడీల ఇంట్లో పుట్టిన దాన్ని కాబట్టే ఇంత బాగా ఆలోచించానని నా భుజం నేనే తట్టుకున్నాను.

గీతలు లేవలేదు. సగానికి పైగా పరీక్షలు చెల్లలేదు. "గట్టిగ ఊదుండ్రి, ఇంకా గట్టిగ, కేకు మీద కొవ్వొత్తి ఊదినట్టు" అని గొంతు పోయేలా అరిచాను. "ఊదుతనే ఉన్న గదా బిడ్డా" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. వీళ్ళ కోసం నేనింత దూరం వస్తుంటే వీళ్ళు ఊపిరి కూడా పెట్టరా అని పళ్ళు కొరుక్కునేదాన్ని. రిపోర్టులో అదే రాశాను, మర్యాదైన ఇంగ్లీషులో. పాల్గొన్న వారి నుంచి తగిన ప్రయత్నం లేదు అని.

కమిటీలో ఒక పెద్దాయన ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "ఆస్పత్రిలో నీ దగ్గరికొచ్చే వాళ్ళు బాగానే ఊదుతున్నారు. మీ ఊరి వాళ్ళు ఎందుకు ఊదడం లేదు?"

"వాళ్ళకు శ్రద్ధ లేదు సార్."

"శ్రద్ధ ఎవరికి లేదు? ఎందుకు ఊదడం లేదో నువ్వు కనుక్కున్నావా?"

బయటికొచ్చాక మా గైడ్ మేడం నెమ్మదిగా, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ రిపోర్టు" అంది. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. అసంతృప్తికరం. ఆర్నెల్ల గడువు. పరీక్షలు చెల్లేలా రావాలి, రాకపోవడానికి కారణమూ చెప్పాలి. ఆ రోజు హాస్టల్ గదిలో ఆ పేజీన్నరను మొదటిసారి చదివాను. చదువులో నన్నెవరూ ఎప్పుడూ చాలదు అనలేదు. భయమేసింది. సిగ్గేసింది. కోపం మాత్రం ఇంకా ఆ అరుగుల మీదే ఉంది.

ఆ ఆదివారం ఇంటికి పోయాను. అవ్వ అరుగు మీద చుడుతోంది. బ్యాగూ మెషినూ లోపల పెట్టి వచ్చి, వెనక్కి వెళ్ళి చిన్నప్పటిలాగే వీపుకు ఆనుకుని కూర్చున్నాను.

"ఏమాయె? ముఖం గిట్లున్నది" అంది, వెనక్కి తిరగకుండానే. ముఖం ఎట్లా చూసిందో నాకు తెలియదు.

"ఫెయిలైన అవ్వా."

చేతులు ఆగలేదు. కానీ దారం కట్టడం నెమ్మదించింది. "సప్లిమెంటరీ రాస్తే అయితది గదా?"

అట్లా కాదని అంతా చెప్పాను. ఆర్నెల్లు, కమిటీ, రెండోసారి వస్తే ఏమవుతుందో. ఆమె విని, "గట్లనా, చాటన్ అన్నట్టు" అంది. చుట్టిన బీడీల కట్టలు కార్ఖానాకు తీసుకుపోతే అక్కడొకాయన కట్ట కట్ట చూసి బాగా లేని బీడీలు తీసి పడేస్తాడు. దాన్నే చాటన్ అంటారు. అవ్వ బీడీలు చాటన్‌లో పోవడం నేను చాలా అరుదుగా చూశాను.

"చాటన్ల పోతే ఏం జేస్తం? ఆయన మీద ఒర్రితే ఏమొస్తది? ఆకు ఎండిందా, చెయ్యి తప్పిందా చూసుకుంటం. నీవెందుకు పోయినయో చూసినవా?"

"వాళ్ళు ఊదరవ్వా. నేనేం జెయ్యాలె?"

"ఊదరా? ఏది, గా మిషిని తే. నేనూదుత."

నేను బిత్తరపోయాను. ఇన్నాళ్ళుగా నా మెషిన్‌ను ముట్టనిది. ఏదన్నా జబ్బుందని తేలితే బీడీలు బంద్ చెయ్యమంటానని ఆమెకు భయం, అది నాకు తెలుసు. లోపలికి పరుగెత్తి మెషిన్ తెచ్చాను. ముక్కుకు క్లిప్ పెట్టాను. గొట్టం నోట్లో పెట్టుకుని, చాట మీద రెండు చేతులూ ఆనించి, అవ్వ ఊదింది. తెర మీద గీత లేచీ లేవకుండా పక్కకు వాలిపోయింది. అచ్చం అందరి లాగానే.

"గట్టిగ ఊదవ్వా!"

మళ్ళీ ఊదింది. మళ్ళీ అంతే. నాకు నషాళానికంటింది. "నువ్వు గూడ గిట్లనే జేస్తే ఎట్లనే? గట్టిగ ఊదనీకి ఏమైతది నీకు?"

అవ్వ గొట్టం తీసి నన్ను వింతగా చూసింది. "ఒళ్ళె చాట పెట్టుకోని గట్టిగ ఎట్ల ఊదుతరే? తంబాకు లేవదా? ఫ్యాన్ ఏసిన నాడు తన్నులు తిన్నది మర్శినవా?"

నా చూపు ఆమె ఒడిలోని చాట మీదికి పోయింది.

బీడీలు చుట్టే వాళ్ళు చాట ముందు తుమ్ము వస్తే తల పక్కకు తిప్పుతారు. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటారు. నిట్టూర్పు కూడా గట్టిగా విడవరు. పదేళ్ళ వయసు నుంచి అలవాటైన ఊపిరి అది. చాట ఒడిలో ఉన్నంతసేపు, నువ్వు డాక్టరువైనా, దేవుడివైనా, వాళ్ళ ఊపిరి చిన్నగానే వస్తుంది. కావాలని కాదు. ఆస్పత్రికొచ్చిన వాళ్ళు బాగా ఊదారంటే అక్కడ చాట లేదు కాబట్టి. చాట తీయొద్దని చెప్పింది ఎవరు? నేనే. బయటి నుంచి వచ్చిన డాక్టరైతే లేచి వచ్చి కుర్చీలో కూర్చోమనేది, గీతలు నిటారుగా లేచేవి. ఇంటి పిల్లను కాబట్టే ఈ తప్పు చేశాను. ఆ ఆడవాళ్ళ మీద నేను అరిచిన అరుపులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

"అవ్వా, జర చాట తియ్యి."

"గిప్పుడా? ఇంకా కట్టలు కాలే."

"ఒక్క నిమిషం."

తీయలేదు. నేనే చాటను రెండు చేతులా పట్టుకుని ఎత్తి లోపల పెట్టి వచ్చాను. అవ్వ చేతులు ఒడిలో ఖాళీగా ఉండి ఏం చేయాలో తెలియనట్టు కదిలాయి.

"కేకు మీద కొవ్వొత్తి ఊదినట్టు ఊదు" అన్నాను, అలవాటుగా.

అవ్వ పకపకా నవ్వింది. "మనింట్ల కేకు ఎన్నడు కోసినమే? పొయ్యి ఊదుమను, ఊదుత. వానకాలం పచ్చికట్టెలు ఊదీ ఊదీ నిన్ను సాదిన."

పొయ్యి ఊదినట్టే ఊదింది. గీత నిటారుగా లేచింది. మూడుసార్లూ లేచింది. ఆమె వయసుకు ఉండాల్సిన దాని కంటే కొంచెం తక్కువే ఉంది, మరీ భయపడేంత కాదు. దాచకుండా చెప్పాను. ఇక లోపలి అర్రలో వద్దని, ఎప్పుడూ గాలి ఆడే చోటనే కూర్చోవాలని, తంబాకు కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని, ఏడాదికోసారి ఊది చూడాలని చెప్పాను. "బంద్ జెయ్యమనవు గదా?" అని ఒక్కటే అడిగింది. నేను తల అడ్డంగా ఊపితే సరే అంది.

ఇప్పుడు అందరి చేతా మళ్ళీ ఊదించాలి. ఆర్నెల్లున్నాయి. కానీ వెయ్యి బీడీలు చేయాల్సిన మనిషిని చాట దించి పక్కకు రమ్మంటే పావుగంట పోతుంది. పైగా నేను అందరి మీదా అరిచి ఉన్నాను. ఏ ముఖం పెట్టుకుని పిలవాలి? ఆ మాట నేను అనకముందే అవ్వ చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడింది.

మొదటి అరుగు దగ్గర నేను తప్పయిందని చెప్పాను. మా పక్కింటి పెద్దమ్మ నన్ను కిందికీ పైకీ చూసి, "డాక్టర్ సదువు సదివినంక గూడ తప్పు ఒప్పుకుంటరా?" అంది. అందరూ నవ్వారు, నా చెవులు ఎర్రబడ్డాయి. అవ్వ ఆమె పక్కన కూలబడి, ఆమె ఒడిలోని చాటను లాగి తన ఒడిలో పెట్టుకుంది. "నువ్వు పోయి ఊదిరాపో. నువ్వొచ్చేదాంక నీ బీడీలు నేను చుడుత."

"నీ చెయ్యి వేరే, నా చెయ్యి వేరే. చాటన్ల పోతే?"

"నీయి పోతయేమో గని నాయి పోవు."

అట్లా మొదలైంది. నా సెలవు రోజులన్నీ అవే. ఎల్లారెడ్డి అయ్యాక కామారెడ్డి. అవ్వ నాతో బస్సెక్కేది. నేను మెషిన్ ఒళ్ళో పెట్టుకునేదాన్ని, ఆమె సద్ది గిన్నె ఒళ్ళో పెట్టుకునేది. ఒకావిడ లేచి వాకిట్లో నేను వేసిన స్టూలు మీదికి వచ్చేది, ఆమె చాట అవ్వ ఒడిలోకి మారేది. చుడుతూనే అవ్వ అరుగు మీది నుంచి అరిచేది. "పొయ్యి అంటుకుంట లేదే, ఊదు! పచ్చికట్టె, ఊదు! ఆపకు, అన్నం ఉడకాలె!" నా గొంతుకు లేవని గీతలు ఆ గొంతుకు లేచాయి. కొందరి ఊపిరి నిజంగానే తగ్గిపోయి ఉంది. వాళ్ళను ఆస్పత్రికి రప్పించి మందులు మొదలుపెట్టించాను. మునుపటి పరీక్షల్లో వాళ్ళంతా చెల్లని లెక్కలో కొట్టుకుపోయారు.

ఆర్నెల్లకు మళ్ళీ అదే గది, అదే నలుగురు. ఈసారి రిపోర్టు మొదటి పేజీలోనే రాశాను. పరీక్షలు చెల్లకపోవడానికి కారణం పాల్గొన్న వారు కాదు, పరీక్ష చేసిన నేను. చాట ఒడిలో ఉండగా ఊదమన్నాను. చాట దించి, స్టూలు మీద కూర్చోబెట్టి, పొయ్యి ఊదినట్టు ఊదమంటే ఊదారు. పాతవీ కొత్తవీ గీతలు పక్కపక్కన పెట్టి చూపించాను.

ఆ పెద్దాయన చాలాసేపు గీతలు చూశాడు. "వాళ్ళు ఊదడానికి లేచినప్పుడు పని ఆగిపోదా? ఎట్లా ఒప్పుకున్నారు?"

"వాళ్ళ చాట మా అవ్వ పట్టుకుంది సార్. వాళ్ళ బీడీలు ఆమె చుట్టింది."

ఆయన కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. "అది కూడా రాయి. పరీక్ష చేసే పద్ధతిలో రాయి. తర్వాత ఇంకెవరైనా చేస్తే వాళ్ళకు తెలియాలి" అన్నాడు.

వారానికి ఉత్తరం వచ్చింది. సంతృప్తికరం. అకడమిక్ స్టాండింగ్ మళ్ళీ మామూలుగా ఉన్నట్టు కింద ఒక వాక్యం. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఉత్తరం బ్యాగులో పెట్టుకుని పొద్దున బస్సుకే బయలుదేరాను. కామారెడ్డిలో బస్సు మారేటప్పుడు ఒకసారి, లింగంపేట దాటాక ఒకసారి తీసి చదువుకున్నాను.

అవ్వ అరుగు మీద ఒక్కతే ఉంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని. ఒడిలో చాట. నన్ను చూసింది, చేతులు ఆగలేదు.

"ఎన్ని పోయినయ్ చాటన్ల?"

"ఒక్కటి గూడ పోలే అవ్వా."

అవ్వ చేతిలో ఉన్న బీడీకి దారం కట్టి కట్టలో పెట్టింది. ముక్కుకున్న గుడ్డ విప్పింది. తర్వాత రెండు చేతులతో చాట ఎత్తి అరుగు మీద, తనకు దూరంగా జరిపి పెట్టింది. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. చీర మీద పడిన తంబాకు దులుపుకుంది.

"ఇటు రా" అంది.

నేను అలవాటుగా వెనక్కి, వీపు దగ్గరికి పోబోయాను. చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. ముప్పయ్యేళ్ళ దాన్ని, డాక్టర్ని, నడి అరుగు మీద మా అవ్వ ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాను. తంబాకు వాసనకు తుమ్ము వచ్చింది. అలవాటుగా తల పక్కకు తిప్పబోయాను.

"తుమ్ము బిడ్డా, గట్టిగనే తుమ్ము" అంది అవ్వ. "చాట లేదు గదా."